హెడ్ మార్చినా టికెట్టు తిరిగి వస్తోంది: స్లాట్ మిషన్ ప్రింటర్ల గురించి సలహా కావాలి

రాజోలు ఓడవాడు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివిన తరువాత, బస్సు టికెట్టు మిషన్లు, కిరాణా బిల్లింగ్ మిషన్లు, రైసుమిల్లు కాటాల ప్రింటర్లు బాగుచేసే అమలాపురం షాపు ఒకదానిలో నాలుగేళ్లు పనిచేశాను. ఏడాదిన్నర క్రితం ఒక విహార నౌకలోని కేసినోలో స్లాట్ మిషన్ల టెక్నీషియన్‌గా చేరాను. ఇప్పుడు సెలవు మీద ఇంటి దగ్గర ఉన్నాను, వచ్చే నెలలో మళ్లీ ఓడ ఎక్కాలి. ఆలోగా తేల్చుకోవలసిన చిక్కు ఒకటి ఉండి ఈ ప్రశ్న రాస్తున్నాను.

ఈ మిషన్లు చూడనివారి కోసం రెండు మాటలు. ఇవి డబ్బు పెట్టి ఆడే జూదపు యంత్రాలు, ఇప్పుడు నాణేలు రాల్చవు. ఆట చాలించినవారు మీట నొక్కగానే లోపలి థర్మల్ ప్రింటరు 65 మి.మీ. వెడల్పు, 156 మి.మీ. పొడవు ఉన్న టికెట్టు మీద రావలసిన మొత్తాన్ని, 18 అంకెల ధ్రువీకరణ సంఖ్యను, ఆ సంఖ్యకు సరిపడే బార్‌కోడ్‌ను ముద్రించి బయటికి ఇస్తుంది. ఆ టికెట్టును వేరే మిషన్‌లో నోటు పెట్టే చోటనే పెట్టి ఆట కొనసాగించవచ్చు, లేదా కౌంటరులో ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. కాగితం రోలుగా కాక, మడతలు మడతలుగా పేర్చిన కట్టగా వస్తుంది.

ఓడను మరమ్మతుల కోసం దాదాపు రెండు నెలలు డ్రైడాక్‌లో ఉంచి మళ్లీ నడపడం మొదలుపెట్టాక ఆరు మిషన్ల వరుస ఒకదానిలో మూడింటికి ఒకే జబ్బు పట్టుకున్నది. వాటిలో ముద్రించిన టికెట్లు కంటికి నల్లగా, శుభ్రంగా, ఎక్కడా తెల్లగీత లేకుండా కనిపిస్తాయి. అయినా వాటిని ఏ మిషన్‌లో పెట్టినా మూడు నాలుగు సార్లు వెనక్కి నెట్టేస్తుంది. కౌంటరులోని చేతి స్కానరు ఒకసారి చదువుతుంది, ఒకసారి చదవదు. విచిత్రం ఏమిటంటే ఒకే ప్రింటరు వరుసగా ఇచ్చిన రెండు టికెట్లలో ఒకటి సాఫీగా వెళ్తుంది, రెండోది వెళ్లదు. హెడ్‌ను, అంటే కాగితాన్ని చుక్కలు చుక్కలుగా వేడిచేసి ముద్రించే భాగాన్ని, ఆల్కహాలుతో తుడిచాను, ఫలితం లేదు. ముద్రణ ముదురు పెంచితే ఇంకా చెడింది. చివరకు ఒక ప్రింటరుకు కొత్త హెడ్ వేయించాను, అదీ అంతే.

రెండో సమస్య వేరే మిషన్‌ది. ట్రేలో నిండుగా కట్ట ఉండగానే కాగితం లేదని చూపిస్తుంది. ట్రే లాగి, కట్ట తీసి పెడితే ఇరవై ముప్పై టికెట్ల వరకు బాగానే ఉండి మళ్లీ మొదటికి వస్తుంది.

అదే రకం ప్రింటరు ఒకటి పాత సామాను అమ్మేవారి దగ్గర దొరికితే కొని తెచ్చి, 24 వోల్టుల పవరు సప్లై మీద ఇంటి బల్లపై నడుపుతున్నాను. దాని సెల్ఫ్ టెస్టులో వచ్చే బార్‌కోడ్‌ను ఫోను కూడా ఒకసారి చదివి ఒకసారి మానేస్తున్నది. అందువల్ల ఓడలోని జబ్బే దీనికీ ఉందేమోనని అనుమానం. ఎక్కడి నుంచి వెతకాలో పెద్దలు చెప్పగలరు.


పాలకొల్లు పాతకాపు

బాబూ, నేను పద్నాలుగేళ్లు ఓడల మీదా ఒడ్డున ఉన్న కేసినోలలోనూ ఇదే పని చేసి, కళ్లు సహకరించక ఇంటికి వచ్చేసినవాడిని. మీరు హెడ్ జోలికి వెళ్లడం అమలాపురం షాపు నేర్పిన అలవాటు. ఆ అలవాటు అక్కడ తప్పు కాదు, ఇక్కడ మాత్రం దారి తప్పించింది. ఎందుకో చెబుతాను.

బిల్లింగ్ మిషన్ చీటీల మీద బార్‌కోడ్ ఉంటే ఆ గీతలు సాధారణంగా కాగితం నడిచే దిక్కుకు సమాంతరంగా, పొలం కంచె కర్రల్లాగా నిలువుగా ఉంటాయి. అక్కడ హెడ్‌లో ఒక్క చుక్క కాలిపోతే ఒక సన్నగీత మొదలు నుంచి చివరి దాకా మాయమవుతుంది, బార్‌కోడ్ పని అయిపోతుంది. స్లాట్ మిషన్ టికెట్టు మీద బార్‌కోడ్ టికెట్టు పొడవునా పరుచుకుని ఉంటుంది, టికెట్టు కూడా పొడవునే నడుస్తుంది. కాబట్టి గీతలు నడకకు అడ్డంగా, నిచ్చెన మెట్లలాగా ఒకదాని తరువాత ఒకటి పడతాయి. ఇక్కడ ఒక చుక్క కాలిపోతే నిచ్చెన మొత్తానికీ పొడవునా ఒక తెల్లదారం గీసినట్టు ఉంటుంది గాని, దాని పక్కన స్కానరు చదవడానికి మిగతా ఎత్తంతా మిగిలే ఉంటుంది. నిచ్చెనను చెడగొట్టేది మెట్ల మధ్య దూరం. అంటే కాగితాన్ని నడిపే రోలరు.

ఈ టికెట్ల మీద వాడే బార్‌కోడ్ పేరు ఇంటర్‌లీవ్డ్ 2 ఆఫ్ 5. ఒక అంకెను నల్లగీతలలోను, దాని జత అంకెను ఆ గీతల మధ్య తెల్ల ఖాళీలలోను దాస్తుంది. ప్రతి అంకెకూ ఐదు పట్టీలు, అందులో రెండు వెడల్పువి, మూడు సన్నవి. చదివే పరికరం చూసేదంతా ఏది వెడల్పు, ఏది సన్నం అన్న తేడాయే. ఇప్పుడు మీరు ముదురు పెంచితే ఎందుకు చెడిందో ఆలోచించండి. వేడి ఎక్కువై నల్లగీతలు ఉబ్బుతాయి, తెల్ల ఖాళీలు సన్నబడతాయి, ఆ ఖాళీలలో దాగిన అంకెలు పోతాయి. క్యూఆర్ కోడ్‌కైతే తప్పు దిద్దుకునే ఏర్పాటు ఉన్నది, దాని గట్టి రకం 30 శాతం దాకా చెరిగినా చదవవచ్చు. దీనికి ఆ భాగ్యం లేదు.

మీ మూడు ప్రింటర్లకు పట్టిన జబ్బు రోలరు చదును కావడం అని నా అనుమానం. ట్రే మూసి ఉన్నంతసేపూ స్ప్రింగు బలంతో హెడ్ రోలరు మీద అదిమి ఉంటుంది. రోజూ తిరిగే రోలరుకు ఇది ఏమీ చేయదు. రెండు నెలలు కదలకుండా ఒకే చోట నొక్కుడు పడితే రబ్బరుకు అక్కడ గుంట పడి, తిరిగి పొంగక అలాగే నిలిచిపోతుంది. ఎడ్లబండి చక్రానికి ఒకచోట పట్టా అరిగితే చుట్టుకొకసారి కుదుపు వచ్చినట్టే, గుంట కాగితం మీదికి వచ్చిన ప్రతిసారీ ఒత్తిడి తగ్గి ముద్రణ కాస్త వెలుస్తుంది, కాగితం వెంట్రుకవాసి జారుతుంది, ఆ చోట మెట్లు దగ్గరవుతాయి. వెంట్రుకవాసి అని ఊరికే అనలేదు. హెడ్ మీద మిల్లీమీటరుకు 8 చుక్కలు ఉంటాయి. సన్నగీత నాలుగు చుక్కల వెడల్పు అనుకుంటే అర మిల్లీమీటరు. అందులో పావువంతు జారినా చదివేదానికి అనుమానం మొదలవుతుంది.

దీనిని ఊహగా వదలనక్కరలేదు, బల్ల మీద ప్రింటరు ఉన్నది కదా. టికెట్టును కిటికీ వెలుగుకు ఎదురుగా వాల్చి పట్టుకుని చూడండి. అడ్డంగా వెలిసిన పట్టీ లీలగా కనిపిస్తుంది, మళ్లీ కొంత దూరంలో అలాంటిదే ఇంకొకటి. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి స్టీలు స్కేలుతో కొలవండి. ఆ దూరాన్ని 3.14తో భాగిస్తే వచ్చేది రోలరు వ్యాసంతో సరిపోతే దొంగ దొరికినట్టే. సరిపోకపోతే పళ్లచక్రాన్ని అనుమానించాలి. పన్ను విరిగినా, పళ్ల సందున కాగితపు ముక్క ఇరుక్కున్నా పట్టీలు వస్తాయి గాని, దూరం సాధారణంగా వేరుగా ఉంటుంది.

కొలిచి ఇక్కడ రాయండి. ఒక్క మాట మాత్రం పెద్దవాడిగా చెబుతాను. ఓడలోని టికెట్లను, టెస్టు టికెట్లైనా సరే, ఎప్పుడూ జేబులో వేసుకుని ఒడ్డుకు తేకండి. మీరు తెచ్చారని అనడం లేదు. అక్కడ ప్రతి టికెట్టూ డబ్బే. తలుపు తెరిచిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో మిషన్ లోపలి పుస్తకంలో రాసి సంతకం పెట్టే చోట, సగం ముద్రణలో ఇరుక్కున్న టికెట్టును కూడా చింపి బుట్టలో వేయకూడదు. దానిని అలాగే బయటికి తీసి సూపర్‌వైజరు చేతికి ఇవ్వాలి, ఆ మొత్తం ఆటగాడికి చెల్లిందా లేదా అన్నది వారు సిస్టంలో చూసి తేలుస్తారు. ఇరుక్కున్నదాన్ని చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో గీకి తీయడం నేను చాలామంది దగ్గర చూశాను. హెడ్ మీది గాజుపూతకు ఒక్క గీత చాలు.


ముమ్మిడివరం సర్వీస్

పాతకాపు గారి మాటకు నా మాట అడ్డం కాదు. స్లాట్ మిషన్‌ను నేను ఎన్నడూ తాకలేదు. 1974 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో జూదశాలలకు చోటు లేదు. సంక్రాంతి బరుల పక్కన సాగే గుండాటకు టికెట్టూ లేదు, ప్రింటరూ లేదు. నాకు తెలిసినవి దర్శనం టికెట్ల కౌంటర్లు, పార్కింగ్ కౌంటర్లు. అయితే కాగితం లేదని అబద్ధమాడే జబ్బు అన్నిచోట్లా ఒకటే కాబట్టి మీ రెండో ప్రశ్నకు నేను జవాబు ఇవ్వగలను.

మడతల టికెట్టు ఎక్కడ మొదలవుతుందో ప్రింటరుకు తెలియడానికి వెనుకవైపు ఒక నల్లగుర్తి ఉంటుంది. ఒక చిన్న సెన్సరు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కాగితం మీదికి పంపుతుంది. తెల్లకాగితం ఆ కాంతిని తిప్పి పంపుతుంది, నల్లగుర్తి మింగేస్తుంది. కాంతి అసలే తిరిగి రాకపోతే కాగితం లేదని ప్రింటరు అనుకుంటుంది. సెన్సరు కన్ను మీద దుమ్ము పేరుకున్నా కాంతి తిరిగి రాదు. మడత దగ్గర చిల్లులు తెగినప్పుడల్లా పొడి రాలుతుంది. అది పోయి పోయి పడేది ఆ కన్ను మీదనే. మీరు ట్రే లాగి పెట్టినప్పుడు ఆ కుదుపుకు కొంత పొడి పక్కకు జరిగి ఇరవై ముప్పై టికెట్లు బతికి ఉండవచ్చు. రైసుమిల్లు కాటా దగ్గర తవుడు చేసే పనే అక్కడ కాగితపు పొడి చేస్తున్నది. పవరు ఆపి, రబ్బరు బుడ్డి బ్లోయరుతో ఊది, పొడి దూదిపుల్లతో తుడవండి. నోటితో ఊదవద్దు. తుంపర పడితే పొడి కాస్తా ముద్దై అంటుకుంటుంది.

తుడిచినా మారకపోతే కట్టనే అనుమానించండి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మన కోనసీమలోనే, శనివారం వస్తే ఇసుక వేస్తే రాలనంత జనం చేరే ఒక చోట పార్కింగ్ టికెట్లకు ఒక ప్రెస్సువారు నల్లగుర్తితో కాగితం వేసి ఇచ్చారు. ఆ కట్ట పెట్టగానే ప్రింటరు గుర్తి కోసం వెతుకుతూ ఐదారు టికెట్లు తెల్లగా వదిలేసి ఆగిపోయేది. పాత కట్ట పెడితే బాగుండేది. సెన్సరు మార్చాను, బోర్డు మార్చాను, నా చేతి డబ్బు పోయింది. చివరకు ఒక రాత్రి కౌంటరు గదిలో కరెంటు పోయి, ఇన్వర్టరు మీద సీసీ కెమెరా మాత్రం పనిచేస్తున్నప్పుడు మానిటరులో బల్ల మీది టికెట్లు చూశాను. పాత టికెట్టు వెనుక గుర్తి నల్లగా ఉంది. కొత్త టికెట్టు వెనుక అసలు గుర్తే లేదు, కాగితం అంతా తెల్లగా ఉంది. రాత్రివేళ ఆ కెమెరా చూసేది కూడా ఇన్‌ఫ్రారెడ్‌లోనే. ప్రెస్సువారు వాడిన నల్ల ఇంకులో మసి లేదు, రంగులు కలిపి చేసిన నలుపు. మన కంటికి అది నలుపే, సెన్సరు కంటికి మాత్రం తెలుపు. మసి కలిసిన ఇంకుతో మళ్లీ వేయించాక ఆ కౌంటరు నుంచి నాకు ఫోను రాలేదు. ఓడకు వచ్చే కట్టలు పెద్ద ప్రెస్సులలో వేసినవే అయి ఉంటాయి, అయినా సరుకు మారినప్పటి నుంచే జబ్బు మొదలైందా అన్నది ఒకసారి చూసుకోండి.

తేమ గురించి కూడా. మన ఊళ్లలో ఆషాఢం వచ్చిందంటే తలుపులే ఉబ్బి పట్టేస్తాయి, మడతల కట్ట ఒక లెక్కా? చెమ్మ పట్టిన కట్టలో అంచులు వంగుతాయి, టికెట్లు ఒకదానికొకటి అంటుకుని రెండేసి లేస్తాయి. మీకు ఓడ అడుగున ఉన్న స్టోరు ఒక వాతావరణం, ఏసీ హాలు ఇంకో వాతావరణం. కట్టను పైకి తెచ్చిన వెంటనే విప్పకుండా ఒక పూట కవరులోనే హాలు చలికి అలవాటు పడనిచ్చి, పెట్టేముందు పేకముక్కలు విదిల్చినట్టు రెండు వైపులా విదిల్చి పెట్టండి. పూత ఉన్న ముఖం హెడ్ వైపుకే ఉందో లేదో తెలియకపోతే గోటితో గీయండి. నల్లటి చార పడిన వైపే ముద్రణ ముఖం. తిరగేసి పెట్టి, తెల్ల టికెట్లు వస్తున్నాయి, హెడ్ పోయిందని నాకు ఫోను చేసినవారు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

ఇంకొకటి, ముద్రించిన తరువాత వెలిసిపోయే టికెట్ల గురించి. థర్మల్ కాగితం మీది రంగు నూనెకు, శానిటైజరుకు, మెత్తటి ప్లాస్టిక్ కవరుకు లొంగిపోతుంది. మా దగ్గర కొబ్బరి కొట్టిన చేతులతో, ప్రసాదం తిన్న వేళ్లతో పట్టుకున్న టికెట్లు గేటు దగ్గరికి చేరేసరికి వెలిసిపోతుంటాయి. ఓడలో శానిటైజరు సీసాలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయని విన్నాను. అలా వచ్చిన ఫిర్యాదును ప్రింటరు ఖాతాలో రాయకండి.


గోదావరి గట్టు

ఒక్క అంశం మిగిలింది. నిచ్చెన లాంటి బార్‌కోడ్‌లో ఒక మెట్టు పడేటప్పుడు ఆ మెట్టు ఎత్తంతటా ఉన్న చుక్కలన్నీ ఒకేసారి వేడెక్కాలి. మామూలు అక్షరాలు ముద్రించేటప్పుడు అవసరమైన కరెంటుకు ఇది కొన్ని రెట్లు. కెపాసిటర్లు ముసలివైన సప్లై ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడు మీటరులో 24 వోల్టులు నిక్కచ్చిగా చూపించి, సరిగ్గా బార్‌కోడ్ దగ్గరే కుంగిపోతుంది. ఫలితంగా పై అక్షరాలు నల్లగాను, గీతలు బూడిదరంగులోను వస్తాయి. మా వైపు రొయ్యల చెరువుల దగ్గర జనరేటరు మీద నడిచే కాటా ప్రింటర్లతో నాకు ఇది నిత్యం ఎదురయ్యేదే. ముద్రణ జరుగుతుండగా, ప్రింటరు కనెక్టరు దగ్గరే కొలవండి. సప్లై దగ్గర కొలిస్తే దారిలోని తీగ, వదులైన పిన్ను తినేసిన వోల్టేజీ మీకు కనిపించదు. మామూలు మీటరు నెమ్మది కాబట్టి కనిష్ఠ విలువను పట్టి ఉంచే మీట ఉన్నదైతే మేలు.

ఇంకో సందేహం. మూడు ప్రింటర్ల టికెట్లనే అన్ని మిషన్లూ తిరస్కరిస్తున్నాయని రాశారు. వేరే ప్రింటర్ల టికెట్లను అవే మిషన్లు ఒకే దెబ్బకు తీసుకుంటున్నాయా? తీసుకోకపోతే నోట్లు తీసుకునే పరికరంలోని సెన్సర్లకు మురికి పట్టి ఉండవచ్చు, అప్పుడు ప్రింటరును దోషిని చేయడం అన్యాయం.


రాజోలు ఓడవాడు

అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు బల్ల దగ్గరే కూర్చున్నాను.

ముందుగా గోదావరి గట్టు గారికి: మిగతా మిషన్ల టికెట్లను అన్ని చోట్లా ఒకేసారి తీసుకునేవి, కాబట్టి మురికి కాదు. బల్ల మీది ప్రింటరుకు వోల్టేజీ ఖాళీగా 24.1, బార్‌కోడ్ పడుతుండగా కనిష్ఠం 23.6 వచ్చింది. అది ఆరోగ్యమే అనుకుంటున్నాను. ఓడలో కూడా ఇలాగే కొలుస్తాను.

పాతకాపు గారూ, మీరు చెప్పినట్టు కిటికీ దగ్గర వాల్చి చూస్తే పట్టీలు కనిపించాయి. ఇన్నాళ్లూ అవి నా కంటబడకపోవడమే ఆశ్చర్యం. టికెట్టును నేరుగా చూస్తే ఏమీ ఉండదు, వాల్చినప్పుడు ఒక చోట నలుపు మెరుపు తగ్గినట్టు ఉంటుంది, అంతే. నాలుగు టికెట్ల మీద కొలిచాను. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి 47 మి.మీ. 3.14తో భాగిస్తే దాదాపు 15. రోలరు తీసి వెర్నియరుతో కొలిస్తే 15 మి.మీ. ఉంది. దానిని అద్దం పలక మీద దొర్లించి వెనుక నుంచి ఫోను లైటు వేస్తే, చుట్టుకొకసారి రబ్బరు కింద నుంచి సన్నని వెలుగుగీత తొంగి చూసింది. ఈ ప్రింటరు పాత సామానులో ఎన్నాళ్లు మూసి పడి ఉందో మరి.

ఒకే ప్రింటరు ఇచ్చిన రెండు టికెట్లలో ఒకటి వెళ్లి ఒకటి వెళ్లకపోవడానికి కారణం కూడా లెక్క వేసుకున్నాను, సరిచూడగలరు. టికెట్టు 156 మి.మీ., రోలరు ఒక చుట్టు 47 మి.మీ. మూడు చుట్లకు 141 పోగా ఇంకా 15 మిగులుతుంది. అంటే గుంట ప్రతి టికెట్టు మీదా ఒకే చోట పడదు, ముందరి టికెట్టు కంటే దాదాపు 15 మి.మీ. ముందుకు జరుగుతూ ఉంటుంది. వరుసగా తీసిన ఆరు టికెట్లను పక్కపక్కన పేర్చి చూస్తే పట్టీలు మెట్లు మెట్లుగా జరుగుతూ కనిపించాయి. బార్‌కోడ్ పొడవు నా కొలతకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, కాబట్టి ఏ టికెట్టు మీదనైనా కనీసం ఒక గుంట బార్‌కోడ్‌లో పడి తీరుతుంది. అది వెడల్పు గీత మధ్యలో పడితే టికెట్టు బతుకుతుంది, సన్నగీతల గుంపులో పడితే చస్తుంది.

ముమ్మిడివరం వారూ, సెన్సరు పొడి సంగతి ఓడ ఎక్కిన రోజే చూస్తాను. కట్టల పెట్టె మారిందో లేదో స్టోరు పుస్తకంలో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న మిగిలింది. ఈ బల్ల ప్రింటరుకు రోలరు విడిగా ఎక్కడా దొరకడం లేదు. ప్రెస్సు రోలర్లకు కొత్త రబ్బరు తొడిగేవారితో దీనికీ తొడిగించి, లేతు మీద 15 మి.మీ.కు దించితే సరిపోతుందా? ఓడలోని మూడింటికి కూడా విడిభాగం వచ్చేలోపు ఇలా చేయవచ్చా?


పాలకొల్లు పాతకాపు

లెక్క సరిగ్గానే వేశారు. అయితే కొన్ని ప్రింటర్లు టికెట్టు ఇచ్చాక మిగిలిన కాగితాన్ని కొద్దిగా వెనక్కి లాక్కుంటాయి. అలాంటివాటిలో ఈ 15 మి.మీ. లెక్క తప్పుతుంది. 47 మాత్రం ఎక్కడా తప్పదు.

బల్ల ప్రింటరుకు రబ్బరు తొడిగించుకోండి, నేర్చుకోవడానికి మంచిదే. కాని రబ్బరు గట్టిదనం అసలుదానికి దగ్గరగా ఉండాలని వారికి పాత రోలరు చూపించి మరీ చెప్పండి. ప్రెస్సు రోలరు రబ్బరు మెత్తగా ఉంటే హెడ్ కింద నలిగి కాగితం నడక మారుతుంది. కొలత కూడా వెర్నియరుకు అందేంత ఖచ్చితంగా రావాలి. మోటారు వేసే ఒక్కో స్టెప్పుకు రోలరు ఇంత తిరగాలన్నది ముందే నిర్ణయమై ఉన్నది కదా. 15కు బదులు 14.7 వచ్చిందంటే నూటికి రెండు వంతులు తగ్గినట్టు, 156 మి.మీ. టికెట్టు మీద మూడు మి.మీ. తేడా. బార్‌కోడ్ మొత్తం ఒకే తీరున కుంచించుకుంటుంది గనుక చదవవచ్చునేమో, కాని నల్లగుర్తి ఉండవలసిన చోట ఉండక ప్రింటరు గొడవ చేస్తుంది.

ఓడలోని మూడింటికి మాత్రం ఆ పని వద్దు. డబ్బుతో సమానమైన కాగితాన్ని ముద్రించే యంత్రంలో సొంత వైద్యం చేసిన భాగం పెట్టడానికి మీకు అధికారం లేదు, రేపు తనిఖీకి వచ్చినవారికి చెప్పుకోవడానికి సమాధానమూ ఉండదు. మంచి ప్రింటర్లు స్పేరులో ఉంటే ఈ మూడింటినీ తీసి వాటిని వేయండి. మార్చేముందు లోపలి సాఫ్ట్‌వేరు వెర్షను ఆ మిషన్‌కు ఒప్పుకున్నదేనా చూసుకోండి, లేకుంటే ప్రింటరు కనబడటం లేదని మిషన్ మొరాయిస్తుంది. స్పేరు లేకపోతే కొత్త రోలర్లు వచ్చేదాకా ఆ మూడు మిషన్లను మూసి ఉంచమని సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఓడ రేవులో ఉన్న వేళల్లో సాధారణంగా కేసినో మూసి ఉంచుతారు కాబట్టి మార్పు పని ఆ గంటల్లో పెట్టుకుంటే ఆటగాళ్ల ఒత్తిడి ఉండదు.

ఆ హెడ్ మార్చిన ప్రింటరు సంగతి. తీసేసిన పాత హెడ్‌ను పారేయకండి, అది బాగానే ఉండి ఉంటుంది. చాలా హెడ్‌ల ఆయుష్షును తయారీదారులు కిలోమీటర్లలో చెబుతారు, 100 కి.మీ. అన్నది తరచుగా కనిపించే అంకె. ఈ పొడవు టికెట్లు ఆ లెక్కన ఆరు లక్షలు దాటి పడతాయి. మీ మిషన్ ఎన్ని టికెట్లు ఇచ్చిందో దాని లోపలి లెక్కలో చూసుకుంటే హెడ్ ముసలిదో కాదో మీకే తెలుస్తుంది.

రోలరు తుడవడానికి నీళ్లు తక్కువగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు కొద్దిగా అద్ది వాడండి, థిన్నరు, పెట్రోలు దగ్గరికి రానివ్వవద్దు, రబ్బరు ఉబ్బుతుంది. హెడ్ తుడిచేటప్పుడు ప్రింటరు ఆగి చల్లబడి ఉండాలి, మణికట్టుకు ఎర్తు పట్టీ ఉండాలి, ఆల్కహాలు పూర్తిగా ఆరేదాకా ట్రే మూయకూడదు.


రాజోలు ఓడవాడు

మంచిదండీ. పాత హెడ్ నా డ్రాయరులోనే ఉంది, అట్టపెట్టెలో చుట్టి పెట్టాను. మళ్లీ డ్రైడాక్‌కు వెళ్లేటప్పుడు ప్రింటర్లన్నిటికీ హెడ్ లేపి, ట్రే వదులుగా ఉంచి తాళం వేయమని అడగవచ్చా, లేక అది కూడా తలుపు తెరిచి ఉన్నట్టు సిస్టంలో నమోదవుతుందా?


పాలకొల్లు పాతకాపు

ట్రే తెరిచి ఉంటే ఆ సంగతి మిషన్ సిస్టంకు చెబుతూనే ఉంటుంది, అందువల్ల మిషన్లకు పవరు ఆపేసిన తరువాతే ఆ పని చేయాలి. పవరు ఆపకముందు మిగిలిన కట్టలను లెక్కపెట్టి తీసి స్టోరుకు అప్పగించి సంతకం తీసుకోండి. ఏ ప్రింటరు హెడ్ లేపి ఉంచారో నంబర్లతో రాసి ప్రతి మిషన్ లోపలి పుస్తకంలోనూ ఒక గీత రాయండి. అప్పుడు ఓడలో ఉండేది మీరు కాకపోవచ్చు, మిషన్ తెరిచినవాడికి ట్రే ఎందుకు వదులుగా ఉందో తెలియాలి.